నానాజీ ముందు ఏడు వీపులు

మార్చి ముప్పైన మా నాన్న ఆటో నడపడం మానేశాడు. నాతవరం నుంచి వస్తూ, రోడ్డుకి అడ్డంగా నిలబడ్డ గేదెని చూడలేదు. గేదెకేమీ కాలేదు. బండిలో ఉన్న ఆరుగురికీ ఏమీ కాలేదు. కానీ సుగరు తన కళ్ళని ఎంతవరకు తినేసిందో ఆ రోజు నాన్నకి అర్థమైంది. బండి తెచ్చి వాకిట్లో పెట్టి, నాతో, "ఇంక నా వల్ల కాదే ఝాన్సీ" అన్నాడు. అంతే. ఇరవై రెండేళ్ళ పని ఆ ఒక్క మాటతో ఆగిపోయింది.

నర్సీపట్నంలో మా నాతవరం స్టాండుకి ఇరవై నాలుగు నంబర్లు. మా నాన్న నూకయ్యది పదిహేడు. నంబరున్న బండి తొంభై రోజులు లైన్లోకి రాకపోతే ఆ నంబరు రద్దు. బయట పది బండ్లు దానికోసం కాచుక్కూచుంటాయి. నంబరు పోయిందంటే వాకిట్లో ఉన్నది ఆటో కాదు, ఇనుము.

వేళ్ళ మీద లెక్కపెట్టాను. జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం.

నాకు ఇరవై ఆరేళ్ళు. లైసెన్సు ఉంది. తాండవ కాలవ గట్టు మీద నాన్నే నేర్పాడు. మర్నాడు పొద్దున్నే స్టాండుకి వెళ్ళి అడిగాను.

ప్రెసిడెంటు జగదీశ్వరరావు గారు జోగులమ్మ టీకొట్టు బెంచీ మీద ఉన్నారు. ఒకటో నంబరు ఆయనది. ఇస్త్రీ చొక్కా నలగకుండా కూర్చుని ట్రిప్పుల పుస్తకం రాయడం ఆయన పని.

"తండ్రి తరవాత కొడుకు. అదమ్మా ఈ స్టాండు పద్దతి" అన్నారాయన. "నూకయ్యకి కొడుకు నేడు. నాను సెయ్యగలిగిందేటుంది?"

"కూతురుందండి."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. తొమ్మిదో నంబరు చినబాబు బాబాయి గ్లాసు పక్కన పెట్టి మరీ నవ్వాడు. "హేండిలు తిప్పినప్పుడు గాజులు అడ్డొస్తాయేమో సూసుకో పిల్లా."

"మీకు మీసాలు అడ్డు రావట్లేదు గదా, బాబాయ్."

ఈసారి నవ్వు అటు తిరిగింది. జగదీశ్వరరావు గారు మాత్రం నవ్వలేదు. ఆయన చూపు బెంచీ మీదున్న స్టాండు ఫోను మీద పడింది. ఆ ఫోన్లో మా టీముంది.

ఆ టీము సంగతి చెప్పాలి. స్టాండులో సీరియల్లో మన వంతు వచ్చేదాకా గంటలకొద్దీ ఖాళీ. ఆ ఖాళీలో ఫోన్లో మొదలైంది ఈ సైకిల్ రేసుల ఆట. మనం సైకిల్ తొక్కం. టీముకి మేనేజరుగా ఉంటాం: ఎవరిని ఉంచాలి, ఎవరిని తియ్యాలి, ఏ రేసులో ఎవరు ముందుండాలి. టీము పేరు 'నాతవరం స్టాండు'. అందులో ఇరవై నలుగురు రైడర్లు. ఒక్కో రైడరుకి ఒక్కో డ్రైవరు పేరు. మొదట్లో వరసగా ఓడిపోతుంటే, నాన్నకి కేరేజీ తెచ్చిన నేను రెండు మాటలు చెప్పాను. ఆ తరవాత మేనేజరుని నేనే అయ్యాను. రెండేళ్ళలో సెకండ్ డివిజన్ దాటి, సరిగ్గా ఆ వారమే ఫస్ట్ డివిజన్లోకి ఎక్కాం.

"నీకంత తెలివుంటే ఓ పని సెయ్యి" అన్నారు ప్రెసిడెంటు. "ఫస్ట్ డివిజన్లోకి ఎక్కిన టీములన్నీ ఎక్కిన సీజనే దిగిపోతన్నాయి. అవునా కాదా?"

"అవునండి. కిందటి మూడు సీజన్లలో తొమ్మిది ఎక్కితే ఎనిమిది దిగిపోయాయి."

"మన టీముని నిలబెట్టు. జూన్ ఆఖరుకి అక్కడే ఉంటే నూకయ్య నంబరు నీదే. నేదంటే ఇంక ఈ మాట ఎత్తకూడదు."

"అందరి ముందూ అన్నారు."

"అన్నాను. జోగులమ్మ టీ మీద ఒట్టు."

మళ్ళీ నవ్వులు. నేను ఫోన్లో తేదీలు చూశాను. పదమూడు రేసులు, పదమూడు ఆదివారాలు. ఆఖరిది జూన్ ఇరవై ఎనిమిది.

*

ఫస్ట్ డివిజన్లో ఒక రూలు ఉంది. టీములో పద్నాలుగు మందికి మించి ఉండకూడదు. ఒక్కో రేసుకి వాళ్ళలో ఎనిమిది మంది దిగుతారు. అంటే మొదటి రేసు లోపల నేను పదిమందిని తీసెయ్యాలి. పది పేర్లు. ఆ పది పేర్లున్న మనుషులు రోజూ నాకు ఎదురుపడేవాళ్ళే.

సంగతి ఎలా తెలిసిందో గానీ ఆ సాయంత్రమే చినబాబు బాబాయి సంచీడు జీడిమామిడి పళ్ళతో వచ్చాడు.

"మా తోటలోవే. తినండి" అని సంచీ అమ్మ చేతిలో పెట్టి, నా పక్కన చేరాడు. "నన్ను తీసెయ్యవు గదా?"

"మీ రైడరుకి ముప్పై ఏడేళ్ళు బాబాయ్. కొండెక్కడం నలభై రెండు, స్ప్రింటు ముప్పై తొమ్మిది. వందకి."

"నాకు మాత్రం ఇరవయ్యా ఏటి? ఎక్కట్లేదా?" అన్నాడు. గొంతు తగ్గించాడు. "మా ఇంటిది ఆదివారం ఆదివారం సూత్తాదే. నా పేరు కనపడకపోతే ఏటనుకుంటాది?"

సంచీ వెనక్కి పట్టుకెళ్ళమంటే పట్టుకెళ్ళలేదు. అది ఇంకా ఇబ్బంది.

అసలు కష్టం తీసెయ్యడంలో లేదు. మా వాళ్ళు ఆటని కూడా స్టాండులాగే నడిపేవాళ్ళు. ఈ వారం ఒకటో నంబరు నాయకుడు, వచ్చే వారం రెండో నంబరు. సీరియల్. ఎవరు బలంగా ఉన్నారన్నది కాదు, ఎవరి వంతు వచ్చిందన్నదే లెక్క. సెకండ్ డివిజన్లో ఎదుటివాళ్ళు అంతకన్నా అధ్వానం కాబట్టి గట్టెక్కాం. ఇక్కడ అలా చేస్తే జూన్ దాకా అక్కర్లేదు, మే నెలకే మునుగుతాం.

రెండు రోజులు ఆ ఇరవై నలుగురి అంకెల మీద కూర్చున్నాను. పెద్ద టీములకి ముగ్గురేసి నాయకులుంటారు. కొత్తగా ఎక్కిన టీములు వాళ్ళని చూసి ముగ్గురిని పెట్టుకుని చెడతాయి. మాకు ముగ్గురు లేరు. ఒక్కడున్నాడు. నానాజీ.

ఇరవై నాలుగో నంబరు నానాజీ. సముద్రం మీద వేట మానేసి, రెండేళ్ళ కిందట ఒడ్డు నుంచి వచ్చి మా స్టాండులో చేరినవాడు. అందరూ 'సేపల నానాజీ' అని ఏడిపించేవాళ్ళు. ఆఖర్న వచ్చాడు కాబట్టి ఆఖరి రైడరుకి అతని పేరు పెట్టారు. ఆ రైడరు బంగారం. ఇరవై నాలుగేళ్ళు, కొండ డెబ్భై తొమ్మిది, దమ్ము ఎనభై నాలుగు.

సైకిల్ రేసులో శత్రువు గాలి. ముందున్నవాడు గాలిని కోస్తాడు. వెనకున్నవాడు వాడి వీపు చాటున సగం కష్టంతో పోతాడు. అందుకే నా ప్లాను ఒక్క ముక్కలో అయిపోయింది: ఒక్క నానాజీ, అతని ముందు ఏడు వీపులు. గాలి కోసేవాళ్ళు, నీళ్ళ సీసాలు అందించేవాళ్ళు. ఆ పనికి పనికొచ్చేవాళ్ళని ఉంచాను. మిగతావాళ్ళని ఒక్కొక్కళ్ళనే తీసేశాను. చినబాబు బాబాయి పోయాడు. జీడిమామిడి పళ్ళు అప్పటికి అయిపోయాయి.

తొమ్మిది పేర్లయ్యాయి. పదోది మిగిలింది.

మధ్యాహ్నం నాన్న అన్నానికి కూర్చున్నాడు. కంచం దగ్గరికి జరుపుకుని, చేత్తో తడిమి కూర ఎక్కడుందో చూసుకుంటున్నాడు.

"అయిపోనాదేటి లిస్టు?"

"అయిపోయింది నాన్నా."

"నానున్నానా?"

అమ్మ గరిటె పట్టుకుని ఆగింది.

"లేవు నాన్నా."

ఆయన ముద్ద కలిపాడు. తిన్నాడు. ఇంకోటి కలిపాడు.

"బ్రేకు కొంచెం లూజుగా ఉంది" అన్నాడు. "రేపు సూపించు."

*

స్టాండులో లిస్టు చదివిన రోజు జోగులమ్మ టీ అమ్మడం మానేసి వినడం మొదలుపెట్టింది.

"నన్ను ఉంచేవు గదా, సంతోషం" అన్నారు జగదీశ్వరరావు గారు. "ఇందులో నా పనేటి?"

"గాలి కొయ్యడమండి. మీ రైడరుకి గాలి ఎనభై ఎనిమిది. టీములో అందరికన్నా ఎక్కువ."

"ఎవరి కోసం?"

"నానాజీ కోసం."

నానాజీ బండి చాటుకి పోయాడు.

"ఒకటో నంబరోడు ఇరవై నాలుగో నంబరోడికి నీళ్ళు మొయ్యాలా?" అన్నారాయన.

"ఎదురుగాలిలో లారీ వెనకాల చేరితే మన బండి ఎలా తేలిపోద్దో మీకు నేను చెప్పాలా అండీ? మీరు లారీ. దానికి నామోషీ ఎందుకు?"

"మరి సీరియలో?" అని అరిచాడు చినబాబు బాబాయి.

"సీరియల్ స్టాండుకి. టీముకి కాదు."

"నీకు నంబరు నేదుగానీ మా నంబర్లు తీసెయ్యడానికి మాత్రం తయారు!"

"తీసేసినవాళ్ళలో పదిహేడు కూడా ఉంది బాబాయ్. చూసుకో."

ఆయన లిస్టు లాక్కుని చూశాడు. నోరు మూశాడు. ఆ తరవాత నాతో పదకొండు వారాలు మాట్లాడలేదు.

ఏప్రిల్లో నాలుగు రేసులు. మొదటి రెండింట్లో చితికిపోయాం. ఇరవై టీముల్లో ఇరవయ్యో స్థానం. స్టాండు మీదుగా నడుస్తుంటే వెనకనుంచి వెక్కిరింపు దగ్గులు వినిపించేవి. మూడో రేసు కొండ మీద. ఏడు వీపులూ ఒకటొకటిగా అరిగిపోయి వెనకబడ్డాయి, నానాజీ ఆరోవాడుగా పైకి వచ్చాడు. మే రెండో వారానికి పదహారో స్థానం. ఆఖరి మూడు టీములు దిగిపోతాయి. అంటే పదిహేడు దాకా బతికినట్టే.

ఇంట్లో అమ్మ సణుగుడు ఆపలేదు. "ఊళ్ళో నిన్ను సూసి నవ్వుతారే."

"నవ్వనీ. నవ్వడానికి టిక్కెట్టు లేదు గదా."

పొద్దున్నే ఖాళీ బండి తీసుకుని కాలవ గట్టు మీద ప్రాక్టీసు చేసేదాన్ని. నాన్న పక్కన కూర్చుని, ఇంజను చప్పుడు విని గేరు తప్పయితే మోకాలి మీద కొట్టేవాడు.

*

జూన్ ఇరవై ఒకటి. పన్నెండో రేసు. రైడర్లకిచ్చే ఆర్డర్లు మధ్యాహ్నం పన్నెండింటికి మూసేస్తారు, రేసు నాలుగింటికి. పదకొండింటికి అన్నీ సరిచూసుకుని వెళ్ళి బట్టలు ఉతుక్కున్నాను. నాలుగింటికి ఫోను తెరిస్తే నాయకుడి చొక్కా వేసుకుని ముందు జగదీశ్వరరావు. నీళ్ళ సీసాలు మోస్తూ వెనకాల నానాజీ.

అప్పటికి ఎవరూ ఏమీ చెయ్యలేరు. మొదటి కొండ మీదే జగదీశ్వరరావు ఆగిపోయాడు. ఆయన్ని కాపాడటానికి మిగతా ఏడుగురూ ఆగిపోయారు. ఒక్క పాయింటు రాలేదు. పద్దెనిమిదో స్థానానికి పడిపోయాం. పదిహేడో టీముకీ మాకూ మధ్య నాలుగు పాయింట్లు.

ఎవరు ఎప్పుడు తెరిచారో ఆటలో ఉంటుంది. పదకొండూ యాభై రెండు. స్టాండు ఫోను.

పరిగెత్తుకుంటూ స్టాండుకి వెళ్ళాను. "మీరేనా మార్చింది?"

జగదీశ్వరరావు గారు దాచలేదు. "నానే. పాసువర్డు నాకూ తెలుసు గదా."

"ఎందుకండీ?"

"కోటవురట్లలో మా అల్లుడు పదిమందిలో అడిగేడు. మావయ్యా, సేపలోడికి నీళ్ళు మోస్తన్నారంట గదా అని. ఒక్క రేసు. ఒక్కటంటే ఒక్క రేసులో నా పేరు ముందుండాలనుకున్నాను. తప్పేటి?"

"నా నంబరు పోద్ది. అదండీ తప్పు."

ఆయన పుస్తకం తెరిచి ట్రిప్పులు రాసుకోవడం మొదలుపెట్టారు. నేను అక్కడే నిలబడి, అందరూ చూస్తుండగా పాసువర్డు మార్చాను. స్టాండు ఫోనులో ఆట మూసుకుపోయింది.

బయటికి వస్తుంటే చినబాబు బాబాయి అడ్డం నిలబడ్డాడు. పదకొండు వారాలకి మొదటి మాట. "ఆయన్ని తీసేసి బయట కూకోబెట్టు. నన్ను పీకేవు గదా, ఆయన్నెందుకు సూత్తావు?"

"ఆఖరి రేసుకి ఆయన కావాలి బాబాయ్. గాలి ఎనభై ఎనిమిది. ఇంకెవరికీ లేదు."

"పిచ్చిదానివే నువ్వు" అన్నాడు. కానీ పక్కకి జరిగాడు.

ఆఖరి రేసు సముద్రం ఒడ్డున, నున్నటి రోడ్డు. కొండలు లేవు. కొండ లేకపోతే నానాజీ మామూలు మనిషి. మ్యాపు ముందేసుకుని మూడు రోజులు తల పట్టుకున్నాను. నాలుగో రోజు, ట్రిప్పు దించి టీకొచ్చిన నానాజీ నా భుజం మీంచి తొంగిచూశాడు. అతను నాతో ఆట గురించి మాట్లాడటం అదే మొదలు.

"సముద్రం ఎడం సేతికుందా సెల్లమ్మా?"

"ఆఁ. మొదట్నుంచీ."

"మజ్జానం దాటితే గాలి నీటి మీద నుంచి నేల మీదకి వొస్తాది. ఏ ఊళ్ళోనైనా అంతే." వేలు పెట్టి చూపించాడు. "ఇదిగో, ఈ మలుపు దాకా తోటలడ్డున్నాయి. మలుపు తిరిగినాక అడ్డు నేదు. గాలి పక్కటెముకల్లో కొడతాది. అప్పుడు ఎనకాల దాక్కోడానికి పదీ పన్నెండు మందికే సోటు. మిగిలినోళ్ళు సెదిరిపోతారు."

నేను మలుపు చూశాను. నూట పద్దెనిమిదో కిలోమీటరు.

"మరయితే మలుపు కంటే ముందే ముందుకి పోవాలి" అన్నాను.

"బేగి పోవాల. అందరికన్నా బేగి."

*

జూన్ ఇరవై ఎనిమిది పొద్దున్న లేచేసరికి అమ్మ వాకిట్లో బండి తుడుస్తోంది. నా వైపు చూడలేదు. "ఆ సీటు కింద మట్టి సూడు, మీ నాన్న జన్మలో తుడిసేడా" అని గోడతో అంటోంది.

మూడున్నరకి బండి తీసుకుని వెళ్ళి స్టాండుకి అవతల రోడ్డు పక్కన ఆపాను. లైన్లో కాదు. ఇంకా కాదు. జోగులమ్మ కొట్టు దగ్గర నా ఫోను చుట్టూ పదిహేను తలలు. తీసేసిన పదిమందిలో ఆరుగురు అక్కడే ఉన్నారు. జగదీశ్వరరావు గారు దూరంగా బెంచీ మీద, చెవి మాత్రం ఇటు.

తెర మీద రంగు చుక్కలు గీత వెంబడి పాకుతున్నాయి. వంద కిలోమీటర్ల దాకా ఏమీ లేదు. నూట పదికి నా ఆర్డరు పని మొదలుపెట్టింది. మా ఎనిమిది నీలం చుక్కలూ గుంపు పక్కనుంచి ముందుకి జరిగాయి. అన్నిటికన్నా ముందు ఒక్క చుక్క. జగదీశ్వరరావు.

"ఒరే, పెసిడెంటు లాగుతున్నాడ్రా!" అన్నారెవరో.

నూట పద్దెనిమిది. మలుపు. గుంపు ఒక్కసారిగా దారం తెగిన పూసల్లా విడిపోయింది. ముందు పన్నెండు చుక్కలు, వాటిలో నాలుగు మావి. వెనకాల నూటయాభై చుక్కలు ఎక్కడివక్కడ. జగదీశ్వరరావు ఇంకా లాగుతున్నాడు. ఇరవై కిలోమీటర్లు ఒక్కడే గాలి కోశాడు. బలం అంకె ఎర్రబడి, సున్నాకి వచ్చి, వెనకబడ్డాడు. అప్పుడు కదిలాడు నానాజీ.

నాలుగో స్థానం.

పట్టిక మారడానికి ఒక నిమిషం పట్టింది. ఆ నిమిషంలో ఎవరూ టీ తాగలేదు. పదిహేడు: నాతవరం స్టాండు. రెండు పాయింట్ల తేడా.

అరుపులకి రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగారు. చినబాబు బాబాయి నానాజీని ఎత్తి తిప్పేశాడు. నేను నేరుగా బెంచీ దగ్గరికి వెళ్ళాను.

"నిలబెట్టానండి."

"సూసేను." ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "బాగా ఆడేవు. కానీ ఆట ఆటే, స్టాండు స్టాండే. ఆ రోజు నవ్వులాటకన్నాను. దాన్ని పట్టుకుని ఆడపిల్లకి నంబరిస్తే రేపు నలుగురూ నన్నేటంటారు?"

"మాటంటే మాటండి."

"కొడుకుంటే తీసుకురామ్మా. ఇచ్చేస్తాను."

టైము అయిదు కావస్తోంది. ఆరున్నరకి లైను మూసేస్తారు. దానితో తొంభై రోజులూ అయిపోతాయి.

రోడ్డు దాటి బండి స్టార్ట్ చేసి, తీసుకొచ్చి లైను చివర పెట్టాను. ముందు నాలుగు బండ్లు. నా వెనకాల చినబాబు బాబాయి వచ్చి ఆగాడు, అతని వెనకాల నానాజీ.

ఒక బండి నిండి వెళ్ళింది. నేను ముందుకి జరిగాను. రెండోది వెళ్ళింది. జగదీశ్వరరావు గారు లేచి నిలబడ్డారు. మూడోది వెళ్ళింది. నాలుగోది ఆలస్యమైంది. ఆరు దాటింది, ఆరూ పది. అదీ వెళ్ళింది. లైను మొదట్లో నా బండి.

బుట్టతో ఒకావిడ వచ్చి, హేండిలు దగ్గర నన్ను చూసి ఆగింది.

"ఆ బండి ఎక్కకండి" అన్నారు ప్రెసిడెంటు గట్టిగా. "సినబాబూ! నువ్వు ముందుకొచ్చి ఎక్కించుకో."

వెనకనుంచి ఇంజను చప్పుడు వినపడుతోంది. నేను తల తిప్పలేదు. హేండిలు గట్టిగా పట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చున్నాను. పక్కనుంచి ఆటో దాటితే ఇంక అంతే.

ఇంజను ఆగిపోయింది.

"నాదింకా రానేదు గదండీ" అన్నాడు చినబాబు బాబాయి. "సీరియల్ తప్పితే మీరే గదా ఫైను రాస్తారు."

"నానే సెప్తున్నాను, రమ్మని!"

"ముందు బండి నిండనీండి."

ప్రెసిడెంటు దాని వెనక బండి వైపు చూశారు. నానాజీ బీడీ ముట్టించుకుని ఆకాశం చూస్తున్నాడు. దాని వెనక బండి. దాని వెనక బండి. ఒక్క హేండిలు తిరగలేదు.

నేను తల బయటికి పెట్టి అరిచాను. మా నాన్న ఇరవై రెండేళ్ళు అరిచిన మాటే, నా గొంతుతో. "నాతవరం! నాతవరం! నాతవరం!"

బుట్టావిడ ఎక్కింది. ఆవిడ వెనక ఇద్దరు ఆడవాళ్ళు ఎక్కారు. ఒక ముసలాయన నన్ను పైనుంచి కిందికి చూసి, "మెల్లగా తోల్తావా?" అని అడిగి ఎక్కాడు. ఇంకో ఇద్దరు. ఆరు.

జగదీశ్వరరావు గారు పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నారు. "ఈ ట్రిప్పు నాను రాయను."

"రాయకండి" అన్నాను, గేరు వేస్తూ. "రేపు పొద్దున్న మళ్ళీ లైన్లోనే పెడతాను. అప్పుడు రెండూ కలిపి రాద్దురుగాని."

బండి కదిలింది. మలుపు దగ్గర అద్దంలో చూశాను. చినబాబు బాబాయి తన బండిని ముందుకి తెచ్చి, నేను ఖాళీ చేసిన చోట ఆపుతున్నాడు. అతని వెనక నానాజీ. లైను మొత్తం ఒక బండి పొడవు ముందుకి జరిగింది.